గంట మోగితే కిరీటం దించిన రాజు

పోయిన శనివారం మా కోచింగ్ సెంటర్ స్టాఫ్ రూములో నాకు శాలువా కప్పి, చేతిలో ఒక గోడ గడియారం పెట్టారు. నా వయసు ముప్పై రెండు. "రిటైర్మెంట్ ఫంక్షన్‌లా ఉందే" అని జాగ్రఫీ సార్ నవ్వారు. నాకూ అలాగే అనిపించింది. తొమ్మిదేళ్లు ఒకే కిటికీ పక్కన కూర్చుని ఒకే పని చేసి, ఇక చాలనుకుని లేచిన మనిషిని ఇంకేమంటారు? నాలుగు మాటలు మాట్లాడమన్నారు. "అందరికీ థాంక్స్" అని కూర్చున్నాను. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను, నా కుర్చీలోకి రాబోయేవాళ్ల కోసం. సెలవులు, ఇంక్రిమెంట్లు, ఎవరితో ఎలా మెలగాలి అన్నవి చెప్పను. అవి మొదటి వారంలోనే తెలిసిపోతాయి. తెలియడానికి నాకు ఏళ్లు పట్టినవే చెబుతాను.

పని ఏమిటంటే

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మూడో అంతస్తు. కింద చెప్పుల షాపు, మధ్య రెండు అంతస్తుల్లో క్లాసులు, పైన మేము. కిటికీకి ఎదురుగా మెట్రో పట్టాలు. రైలు వెళ్లినప్పుడల్లా లోపలున్నవాళ్లంతా ఒక్క క్షణం నా టేబుల్ మీది కాగితాలు చదివేసి పోతున్నట్టు ఉండేది.

నేను మెటీరియల్ రైటర్ని. లెక్చరర్ పోస్టుల పరీక్షలకు చదివేవాళ్ల కోసం హిస్టరీ పుస్తకాలు తయారు చేయడం నా పని. క్లాసులో సార్లు చెప్పేదీ, హాస్టల్ గదుల్లో పిల్లలు బట్టీ పట్టేదీ మనం రాసిందే. మాట్లాడటం అలవాటు లేనివాళ్లకి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉండదనుకుని చేరాను. పిల్లల డౌట్లు కూడా చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేసేవారు. వెనక జవాబు రాసి కిందికి పంపేదాన్ని. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

చూడటానికి రాయడంలా కనిపిస్తుంది కానీ, నిజానికి ఇది కోసే పని. వంద పేజీలు చదివి రెండు పేజీలు చేయాలి. చేయగా చేయగా నాకొకటి అర్థమైంది. కోతలో ముందు పోయేవి సంఘటనలూ కాదు, పేర్లూ కాదు. 'కావచ్చు', 'అని కొందరంటారు', 'కచ్చితంగా తెలియదు'. ఇలాంటి మాటలు ముందు పోతాయి. నాలుగు ఆప్షన్ల బిట్టులో వాటికి చోటుండదు. అవి పోయాక మిగిలిన వాక్యం చాలా ధీమాగా కనిపిస్తుంది. ఆ ధీమా పుస్తకానిది కాదు, మన కత్తెరది. కొత్తగా వచ్చేవాళ్లు ఇది మొదటి రోజే తెలుసుకుంటే మంచిది.

యాదగిరి సార్, ఆరు పేజీలు

మా హిస్టరీ ఫ్యాకల్టీ యాదగిరి సార్‌ది నల్గొండ దగ్గర పల్లె. మైకు అక్కర్లేని గొంతు. ఆయన కింద క్లాసు చెబుతుంటే పైన నా టీ గ్లాసు వణికేది. నేను చేరిన ఏడాదే మధ్యయుగ యూరప్ పాఠాలు నాకిచ్చారు. అందులో ఒక శీర్షిక: 'రాజుల దైవభక్తి, చర్చి పట్ల గౌరవం'. నాకు ఆ విషయం ఎంత నచ్చిందంటే ఆరు పేజీలు రాసి తీసుకెళ్లాను. ఆయన చదవలేదు. అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు.

"ఏందమ్మా ఇది? రాజుల భక్తికి ఆరు పేజీలా?"

"చాలా ఉంది సార్ అందులో."

"ఏం లేదు. భక్తి లేదు గిక్తి లేదు, అంతా రాజకీయమే. చర్చి చేతుల జనమున్నరు, భూములున్నయి. గందుకే మొక్కిండ్రు. పేరా జేసి, కింద నాలుగు బిట్లు పెట్టు."

"సరే సార్" అన్నాను. ఆ సాయంత్రం డైరీలో మాత్రం 'సరే కాదు' అని రాసుకున్నాను.

ఎందుకంటే నేను చదివిన రాజులు అంత సులువుగా లేరు. ఒక రాజు, పోపు తనను చర్చి నుంచి వెలివేస్తే, చలికాలంలో కొండలు దాటి వెళ్లి, పోపు బస చేసిన కోట గుమ్మం ముందు మంచులో చెప్పుల్లేకుండా మూడు రోజులు నిలబడ్డాడు. క్షమాపణ దొరికింది. కొన్నేళ్ల తర్వాత అదే రాజు సైన్యంతో అదే పోపు మీదికి వెళ్లాడు. ఇంకో రాజు బిచ్చగాళ్లను పిలిచి స్వయంగా వాళ్ల కాళ్లు కడిగేవాడు. అదీ ఎవరికీ తెలియకుండా చేయాలని చూసేవాడట. వేరొక రాజు మనుషులు ఒక ఆర్చిబిషప్పును చర్చిలోనే చంపేస్తే, ఆ రాజు చెప్పుల్లేకుండా ఆ సమాధి దాకా నడిచి, సన్యాసుల చేత కొరడా దెబ్బలు తిన్నాడు. ఇవి నాటకాలైతే వాటిలో చలి నిజం, దెబ్బలు నిజం. అలాగని అమాయకపు భక్తి అనడానికీ లేదు, లాభం కూడా కళ్ల ముందే ఉంది. ఈ రెంటినీ ఒకే పేరాలో ఎలా పెట్టాలో నాకు తెలియలేదు. సార్ చెప్పిన పేరానే పెట్టాను.

డైరెక్టర్ గారి గురువారం

ఆ రాజులు నాకు అర్థమైంది పుస్తకాల్లో కాదు, మా డైరెక్టర్ సాంబశివరావు గారి దగ్గర. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. గురువారం సాయిబాబా గుడికి వెళ్లకుండా ఆఫీసు మెట్లెక్కరు. కొత్త పుస్తకం ప్రెస్ నుంచి వస్తే మొదటి కాపీ బాబా పాదాల దగ్గర పెట్టించాకే కట్ట విప్పనిచ్చేవారు. ఒకసారి వాన నీళ్లు రోడ్డు మీద మోకాలి దాకా ఉన్నా, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, తల మీద పెట్టుకుని నడిచి వెళ్లొచ్చారు.

ఆ ఊది బొట్టుతోనే నా టేబుల్ దగ్గరికి వచ్చి, పక్క సెంటర్ వాళ్ల పుస్తకం పెట్టేవారు.

"అమ్మాయ్, ఇందులో మనకి లేనివి ఏవున్నాయో చూసి మన మాటల్లో సర్దేసెయ్."

మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత రాలేదు. ఆయన నుదుటి మీది ఊది దొంగది కాదు. ఆ పుస్తకం ఎత్తేయడమూ నిజమే. మధ్యలో ఆయనకి ఏ గోడా కనిపించేది కాదు. వేషం వేస్తున్నానన్న ఆలోచన ఆయనకి ఒక్క రోజైనా వచ్చి ఉండదు. మంచులో నిలబడ్డ రాజుకీ వచ్చి ఉండదని నాకు నమ్మకం కుదిరింది.

ఇక అసలు సంగతి. మనం ఎత్తేస్తే వాళ్లూ ఎత్తేస్తారు కదా. మా పుస్తకాలు జిరాక్స్ షాపుల్లో సగం ధరకు దొరికేవి, వేరే అట్టలతో వేరే సెంటర్ల పేర్ల మీద కూడా వచ్చేవి. అందుకు డైరెక్టర్ గారొక పద్ధతి పెట్టారు. ప్రతి పుస్తకంలో ఒకే ఒక్క అబద్ధం ఉండాలి. బిట్లలో కాదు, వివరణలో ఎక్కడో, పరీక్షలో రావడానికి వీల్లేని చోట. దాన్ని ఆయన 'పుట్టుమచ్చ' అనేవారు. అదే అబద్ధం ఇంకొకరి పుస్తకంలో కనిపిస్తే, అది మన బిడ్డే అని చూపించి నిలదీయొచ్చు. రాసినవాళ్లకీ డైరెక్టర్ గారికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. క్లాసు చెప్పే సార్లకి కూడా.

జాగ్రఫీ పుస్తకంలో ఒక ఉపనదిని కొంచెం పొడుగు చేశారని ఉదాహరణకి ఆయనే చెప్పారు. నా వంతు వచ్చింది. నేనొక రాజును పుట్టించాను.

రెండో ఓడ్బర్ట్ అని పేరు పెట్టాను. చర్చి గంట వినబడితే ఎక్కడున్నా కిరీటం తీసి నేల మీద పెట్టి మోకరిల్లుతానని అతను మొక్కుకున్నాడు. ఒక యుద్ధంలో శత్రువుల నడుమ చిక్కుకున్న సమయంలో పక్క ఊరి గంట మోగింది. కిరీటం దించి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ గంట ఆగేదాకా శత్రువులు కూడా కత్తులు దించి నిలబడ్డారు. అంతే, నాలుగు వాక్యాలు. నా ఆరు పేజీలు పోయిన కోపమంతా వాటిలోకి వెళ్లిందని ఇప్పుడు తెలుస్తోంది. అబద్ధం రాస్తున్నానని మర్చిపోయి, చాలా ఇష్టంగా రాశాను. నా తప్పు అక్కడే జరిగింది. ఆ ఉపనది పొడవు ఎవరికీ గుర్తులేదు. నా రాజు మాత్రం అందరికీ గుర్తుండిపోయాడు.

అందరికన్నా ముందు యాదగిరి సార్‌కి. ఒక రోజు కింద నుంచి ఆయన గొంతు వినబడింది. మెట్ల మీదికి వెళ్లి తలుపు సందులోంచి చూశాను. కళ్లజోడు తీసి, కిరీటం దించినట్టు రెండు చేతులతో టేబుల్ మీద పెట్టారు.

"మిగిలినోళ్లందరిదీ రాజకీయమే. గీ ఒక్కడు మాత్రం నిజంగ నమ్మిండు!"

రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. నేను పైకి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం ఒక్క పేజీ కూడా కోయలేకపోయాను.

కొన్నాళ్లకి ఓడ్బర్ట్ పక్క సెంటర్ పుస్తకంలో దొరికాడు. డైరెక్టర్ గారు ఫోన్ చేసి నిలదీశారు, వాళ్లు ఆ పుస్తకం అమ్మడం మానేశారు. ఆఫీసులో లడ్డూలు పంచారు. "పుట్టుమచ్చ అంటే ఇలా ఉండాలి" అని అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు, ఆ మాటకి అర్థం మాత్రం ఎవరికీ చెప్పకుండా.

మంజుల

డౌట్ చీటీల్లో ఒక గుండ్రటి చేతిరాత తరచుగా కనిపించేది. ఒకసారి అందులో ఇలా ఉంది: 'మేడం, సార్ రాజకీయం అంటున్నరు. మరి ఆ రాజులు నిజంగ నమ్మలేదా?' నా జవాబు చీటీ వెనక పట్టక ఇంకో కాగితం జత చేశాను. మర్నాడు ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది, చీటీలకి జవాబు రాసేదెవరో చూడాలని. అలా మంజుల పరిచయమైంది. తల్లిదండ్రులు నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటున్నారు. తండ్రి ట్రాలీ ఆటో నడుపుతాడు, తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఆదివారం ముగ్గురూ చర్చికి వెళ్తారు. మంజుల ఎం.ఏ. హిస్టరీ చేసి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ప్రైవేటు కాలేజీలకి అప్లికేషన్లు పెడుతోంది.

సమస్యల్లా డెమో క్లాసే. పానెల్ ముందు పది నిమిషాలు పాఠం చెప్పాలి. రెండు కాలేజీల్లో మొదటి నిమిషంలోనే గొంతు ఆగిపోయింది, బయటికి పంపేశారు. ఇప్పుడు ఎల్బీ నగర్ అవతల ఒక కాలేజీ పిలిచింది. ఆ మంగళవారం నా టేబుల్ దగ్గర టిఫిన్ తింటూ ఆ సంగతి చెప్పింది.

"ఇది గూడ పోతే ఇగ చదువు బంద్ మేడం. చంపాపేట్ల బట్టల షాపుల కౌంటర్‌కి మాట్లాడి పెట్టిండు మా నాన్న. సోమవారం నుంచి రమ్మన్నరట."

"డెమో ఎప్పుడు?"

"శుక్రవారం. టాపిక్ మన ఇష్టమే. రాజుల భక్తి తీసుకున్న." టిఫిన్ డబ్బా మూత పెడుతూ నవ్వింది. "ఓడ్బర్ట్‌తోని మొదలుపెడ్తా. ఆయన కథ జెప్తుంటే నాకు గొంతు ఆగదు మేడం. ఇంట్ల ఇరవై సార్లు చెప్పి చూసిన."

చరిత్ర తెలిసిన పానెల్ ముందు లేని రాజుతో మొదలుపెట్టబోతోంది. ఎవరైనా 'ఏ దేశం, ఏ శతాబ్దం' అని అడిగితే మూడోసారి కూడా బయటికే. అప్పుడే చెప్పేయాల్సింది.

"బాగుంటుంది" అన్నాను.

ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలో ఆ ఒక్క మాటకే ఎక్కువ సిగ్గుపడతాను. రాజును పుట్టించడం పైవాళ్లు చెప్పిన పని. 'బాగుంటుంది' అన్నది మాత్రం పూర్తిగా నాది.

బుధవారం ధైర్యం చేసి డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. విని, పెన్ను మూత పెట్టారు.

"వేరే కథ చెప్పుకోమను. ఎందుకో మాత్రం చెప్పకు. ఒక్కరికి చెబితే దిల్‌సుఖ్‌నగర్ అంతా చెప్పినట్టేనమ్మా. రేపు పిల్లలొచ్చి, మా పుస్తకంలో ఇంకేమేం అబద్ధాలున్నాయని అడిగితే ఏం చెబుతాం?"

అది సరైన ప్రశ్నే. ఆయన ఏ ఉద్దేశంతో అడిగినా సరే.

గురువారం మంజులకి ఫోన్ చేశాను. "ఓడ్బర్ట్ వద్దు, మంచులో నిలబడ్డ రాజుతో మొదలుపెట్టు" అన్నాను.

"ఎందుకు మేడం?"

"ఊరికే. అది ఇంకా బాగుంటుంది."

"నాకు ఇదే ఒస్తది మేడం. ఇప్పుడు మారుస్తే మొత్తం పరేషాన్ అయిపోత." అని, నేను ఇంకేమీ అనకపోయేసరికి, "ఉంటా మేడం, ప్రాక్టీస్ చేసుకుంట" అని పెట్టేసింది. నిజం చెప్పకుండా మంచి చేయాలనుకుంటే అది ఇలా ఉంటుంది. అవతలివాళ్లకి చాదస్తంలా వినబడుతుంది.

మన్సూరాబాద్

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వాళ్ల ఇంటి ముందు ఆటో దిగాను. డెమో పదకొండున్నరకి. సంచిలో లైబ్రరీ పుస్తకాలు మూడు. దారి పొడుగునా చెప్పాల్సిన వాక్యం డైరీలో రాసుకుని కొట్టేస్తూ వచ్చాను.

మంజుల తల్లి మరియమ్మ గారు మిషన్ ముందు నుంచి లేచారు. "మేడమా! కూసోండ్రి కూసోండ్రి. మా బిడ్డకు ఆశీర్వాదం ఇయ్యనీకి ఒచ్చిండ్రా?"

మంజుల ఇస్త్రీ చేసిన చీరలో తయారై ఉంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఓడ్బర్ట్ అనే రాజు లేడు. నేనే రాశాను. ఎవరైనా పుస్తకం కాపీ కొడితే పట్టుకోవడానికి అలా ఒక అబద్ధం పెడతారు. అది నేను కల్పించాను."

మిషన్ చక్రం తనంతట తాను కొంచెం తిరిగి ఆగింది.

"లేడా?" అంది మంజుల.

"లేడు."

"గంట?"

"లేదు."

"రెండేండ్లు, మేడం! రెండేండ్ల నుంచి చదువుతున్న ఆయన్ని. మొన్న మీ ముందర కూసొని చెప్పిన. బాగుంటుంది అన్నరు మీరు."

"అన్నాను. భయపడి అన్నాను."

"ఎవరికి భయపడిండ్రు? నాకా?"

మరియమ్మ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా అడిగారు.

"ఆ కిరీటం రాజేనా మీరు అనేది? మా చర్చి సంఘంల మొన్న ఆయన మీద సాక్ష్యం చెప్పిన గద నేను. పాట గూడ కట్టిండ్రు."

"పాటా?"

"మంచి రాగం." ఆవిడ మొహంలో కోపం కన్నా ఇబ్బందే ఎక్కువ కనిపించింది. "ఇప్పుడు పాస్టరయ్యకు ఏమని చెప్పాలె? రాజును ఎనక్కి తీస్కున్నరని చెప్పాల్నా?"

మంజులకి ఏడుపు వస్తున్నదల్లా నవ్వయింది, ఆ నవ్వు మళ్లీ ఏడుపైంది. చీర కొంగుతో మొహం తుడుచుకుని గోడ గడియారం చూసింది. తర్వాత నా సంచి లాక్కుంది.

"మంచుల నిలబడ్డాయన అన్నా ఉన్నడా? లేక ఆయన గూడ మీరేనా?"

పేజీ తీసి చూపించాను. ఆ పుస్తకం చాలదని రెండోదీ తీయించింది, మూడోదీ తీయించింది. మూడింట్లోనూ వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివింది. ఒక పుస్తకం మూడు రోజులని రాసింది. ఇంకోటి, అన్ని రోజులూ అక్కడే నిలబడ్డాడో లేదో చెప్పలేమని రాసింది.

"మరి ఇవి మన మెటీరియల్ల ఎందుకు లేవు? 'చెప్పలేం' అని?"

"నేనే తీసేశాను."

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. కానీ ఆ తర్వాత గంటన్నర నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి క్లాసు. ఇద్దరమూ నేల మీద కూర్చుని, పది నిమిషాల పాఠాన్ని మొదటి నుంచీ కట్టాం. ప్రతి వాక్యానికీ "ఇది ఏడుంది?" అని అడిగింది. చూపించగలిగిందే ఉంచింది. మరియమ్మ గారు మధ్యలో ఉప్మా పెట్టారు, నాక్కూడా.

ఎల్బీ నగర్

కాలేజీ గేటు ఎదురుగా చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్లేటప్పుడు మంజుల నాతో మాట్లాడలేదు. ఆ గంటసేపూ బస్సులు ఎన్ని వచ్చి వెళ్లాయో తెలియదు. చేయగలిగింది అయిపోయాక ఎదురుచూడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆమె గొంతు ఆగితే అది నా వల్లే. తెచ్చిపెట్టుకున్న ధైర్యాన్ని గంటల ముందు లాగేసింది నేనే కదా.

పన్నెండున్నరకి బయటికి వచ్చింది. నడక చూసి ఏమీ తెలియలేదు. దగ్గరికి వచ్చి, "మేడం, మస్తు దూపైతుంది" అంది. రెండు గ్లాసులు చెప్పాను. ఒకటి తాగి రెండోది అందుకుంది.

"గొంతు ఆగిందా?"

"ఆగింది. మొదలుపెట్టంగనే. ఆగితే ఆగింది అనుకున్న. ఆ రాజు అన్ని రోజులు నిలబడ్డడు, నేను ఒక్క నిమిషం నిలబడలేనా అని నిలబడ్డ. అదే ఒచ్చింది."

పానెల్లో ముగ్గురట. పాఠం అయ్యాక పెద్దాయన, ప్రిన్సిపాల్, అడిగారట: "ఇదంతా రాజకీయం కాదా అమ్మా? భక్తి ఎక్కడుంది?"

"ఏం చెప్పావు?"

"మా నాన్న గురించి చెప్పిన. ట్రాలీ అద్దానికి శిలువ కట్టి ఉంటది. దానికి దండం పెట్టంది బండి తియ్యడు. పెట్టి, చింతలకుంట కాడ రాంగ్ రూట్ల పోతడు. పోలీసు కనబడితే మళ్ల శిలువ పట్టుకుంటడు. అట్లని నమ్మడా సార్? నాకు జరమొస్తే దవాఖానల రాత్రంతా మోకాళ్ల మీదనే ఉన్నడు. రాజులు గూడ గంతే కావొచ్చు, కచ్చితంగ చెప్పలేం అన్న."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆరు పేజీల్లో నేను చెప్పలేకపోయింది అది.

"అయిపోయిందనుకున్న మేడం. అప్పుడు ఇంకో సార్, చిన్నాయన, 'అన్నీ చెప్పినవు గానీ ఓడ్బర్ట్‌ని వదిలేసినవేంది? భక్తి అంటే ఆయనే గద' అన్నడు."

"ఏమన్నావు?"

"మొదలు మీ మీద మస్తు కోపమొచ్చింది. 'అవును సార్, మర్చిపోయిన' అంటే అయిపోతుండె. ఉద్యోగమిచ్చెటాయనతోని కొట్లాడుడు ఎందుకు? కానీ నోటికి రాలే. 'ఆ రాజు లేడు సార్' అన్న. 'పుస్తకంల ఉన్నడమ్మా' అన్నడు. 'ఏ పుస్తకం సార్?' అన్న. 'కోచింగ్ మెటీరియల్' అన్నడు. 'అందుల తప్ప ఇంకెక్కడ లేడు సార్, మీరు చూపిస్తే ఒప్పుకుంట' అన్న."

"ఎలా వచ్చాడో చెప్పావా?"

"అది చెప్పలే. అది మీరే చెప్పుకోవాలె."

అప్పుడు ప్రిన్సిపాల్ పెన్ను పక్కన పెట్టి గట్టిగా నవ్వారట. మంజుల ఆయన గొంతును అనుకరించి చెప్పింది: "హమ్మయ్య! స్టాఫ్ రూములో అందరూ ఆ రాజు పేరు ఎత్తుతారు. ఇన్నేళ్ల సర్వీసులో నేనెప్పుడూ వినలేదు. వెతికితే దొరకలేదు. అడిగితే నవ్వుతారని నోరు మూసుకు కూర్చున్నాను." చిన్నాయన కూడా చివరికి నవ్వాడట, కొంచెం ఆలస్యంగా.

"మరి ఉద్యోగం?"

"సోమవారం సర్టిఫికెట్లు పట్టుకొని రమ్మన్నరు." అదేదో చిన్న విషయమన్నట్టు చెప్పి, వెంటనే నా భుజం మీద తల పెట్టి వెక్కింది. చెరుకు రసం ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఎన్నో రోజుల తర్వాత నాకు ఊపిరి కడుపు దాకా వెళ్లింది.

దిద్దుబాటు

మర్నాడు, శనివారం, ముందుగా యాదగిరి సార్‌కి చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "నా క్లాసుల మంచి పాఠం అదొక్కటే ఉండె గదమ్మా" అన్నారు. అంతకన్నా ఏ తిట్టూ తగలదు. సాయంత్రానికి మా గదికి వచ్చి, "నీ ఆరు పేజీలు ఇంక ఉన్నయా?" అని అడిగి తీసుకెళ్లారు.

డైరెక్టర్ గారితో, పుస్తకంలో దిద్దుబాటు చీటీ పెట్టాల్సిందే అన్నాను. ఆయనతో నేను 'కాదు' అనడం అదే మొదటిసారి. బాబా ఫొటో వైపు చాలాసేపు చూశారు. "పెట్టమ్మా" అన్నారు. తర్వాత ఇంకొంచెం ఆలోచించి, "నీ పేరుతో పెట్టు, సంస్థ పేరు వద్దు" అన్నారు. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అన్నారు. నేను ఒప్పుకున్నాను. పుస్తకం రెండు వాక్యాల దిద్దుబాటు చీటీతో వచ్చింది: ఓడ్బర్ట్ అనే రాజు లేడు, ఆ పేరా కల్పించింది నేను. కింద నా పేరు. ఎవరూ వచ్చి నిలదీయలేదు. ఒకరిద్దరు చీటీ వేశారు, మిగతా పుస్తకం నిజమేనా అని. ప్రతి పేజీ మళ్లీ సరిచూడటానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. అది అయ్యాక, వెళ్లొస్తానని చెప్పాను. హయత్‌నగర్ దగ్గర ఒక స్కూలు లైబ్రరీలో చేరుతున్నాను.

నా కుర్చీలోకి వచ్చేవాళ్లకి ఒక్కటే చెబుతాను. మీకూ పుట్టుమచ్చ పెట్టమని చెప్పొచ్చు. పెట్టకండి. నిలదీస్తే నేను వద్దన్నానని చెప్పండి, నాకు ఇప్పుడు పోయేదేమీ లేదు. 'కావచ్చు'ని మాత్రం కోయకండి.

నిరుడు మంజుల కాలేజీలో చేరిన వారంలోనే ఫోన్ చేసింది. మొదటి క్లాసు అయిపోయిందని, గొంతు ఆగలేదని చెప్పింది.

"మరి అలా ఉన్నావేంటి? పిల్లలు అల్లరి చేశారా?"

"లేదు మేడం. ఎవ్వరూ ఏం అడగలే, 'ఇది ఏడుంది' అని గూడ. నేనేం చెప్తే అది తలొంచుకొని రాసుకున్నరు, అందరూ. నాకు మస్తు భయమైంది."

ఆ మాట వినగానే ఆ పిల్ల గురించి నాకున్న బెంగ తీరిపోయింది.